మిర్చికి భయం లేదు, నాకుంది

సాలీడంటే భయమున్నవాళ్లు ఒక పిల్లిని పెంచుకుంటే సరిపోతుందని ఎవరు పుట్టించారో గానీ, ఆ మాట నమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు. పిల్లి పట్టేస్తుంది, తినేస్తుంది, మనం హాయిగా పడుకోవచ్చని లెక్క. పిల్లితో నాలుగు రోజులు గడిపినవాళ్లెవరైనా ఈ లెక్క విని నవ్వుతారు. పిల్లికి సాలీడు భోజనం కాదు, ఆటవస్తువు. రెండు కాళ్లు ఊడబీకి, మిగిలిన ఆరింటితో అది ఎటు పరిగెడుతుందో చూస్తుంది. విసుగొస్తే వదిలేస్తుంది. మరీ ప్రేమ ఎక్కువైతే నోట కరుచుకుని తెచ్చి మన దిండు పక్కన పెడుతుంది.

మా పిల్లి పేరు మిర్చి. ఖమ్మం మిర్చి యార్డు దగ్గర దొరికింది కాబట్టి ఆ పేరు. గుణం కూడా పేరుకు తగ్గట్టే ఉంటుంది. మేమిద్దరం ఉండేది భద్రాచలంలో, ఊరి చివర అద్దె ఇంట్లో. వెనక గోడ దాటితే చెట్లే. ఇలాంటి ఇల్లు ఫొటోల్లో చాలా బాగుంటుంది. తొలకరి పడి ఉసిళ్లు లేచిన సాయంత్రం మాత్రం సీన్ వేరు. ట్యూబ్‌లైట్ కోసం ఉసిళ్లు, వాటి కోసం బల్లులు, సాలీళ్లు, వాటి కోసం మిర్చి, మిర్చి వెనకాల నేను. అందరం ఒకే గదిలో.

'అంత చిన్న పురుగు నిన్నేం చేస్తుంది?' అని మాత్రం అడక్కండి. ఏమీ చేయదు, నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన చెమటలు ఆగవు. మా ఇంటి ఓనరమ్మ నా అరుపు విని మొదటిసారి పరిగెత్తుకొచ్చింది. ఇప్పుడు తన గుమ్మంలో నుంచే, "ఏంటమ్మా, పామా? సాలెపురుగేనా?" అని అడిగి, రెండోదే అయితే మళ్లీ లోపలికెళ్లిపోతుంది.

ఆవిడ మంచిదే. కాకపోతే ఆవిడ దగ్గరున్న మందులన్నీ నాకు సాలీడు కంటే ఎక్కువ భయం పుట్టించాయి. ఒక స్ప్రే డబ్బా, ఒక చీమల సుద్దముక్క, ఒక పొట్లం కలరా ఉండలు. "నాలుగు మూలలా పెట్టు, మళ్లీ కనపడితే నన్నడుగు" అంది. ఇంట్లో పిల్లి లేకపోతే తీసుకునేదాన్నేమో.

ఇక్కడ కొంచెం సైన్సు చెప్పుకోవాలి, ఓపిక పట్టండి. దోమలకీ బొద్దింకలకీ మనం కొట్టే స్ప్రేల్లో ఎక్కువగా ఉండేవి పైరిథ్రాయిడ్లు. చేమంతి జాతికి చెందిన ఒక పువ్వులో పైరిథ్రిన్ అనే సహజమైన విషం ఉంటుంది. దాన్ని నమూనాగా పెట్టుకుని ఫ్యాక్టరీల్లో తయారు చేసిన రసాయనాలివి. కొద్ది మోతాదులో లోపలికి పోతే మనిషి ఒళ్లు, కుక్క ఒళ్లు వాటిని విరగ్గొట్టి బయటికి పంపేస్తాయి. పిల్లి కాలేయానికి ఆ పని సరిగా చేతకాదు. ఇలాంటి రసాయనాలను వదిలించుకోవడానికి కావలసిన ఒక జన్యువు పిల్లి జాతిలో పనిచేయడం మానేసింది. మన కిన్నెరసాని అడవుల్లో తిరిగే చిరుతదీ అదే జాతి. మాంసం తప్ప ఇంకేమీ ముట్టని జంతువు కదా, మొక్కల్లో ఉండే విషాలతో దానికి పని పడలేదు. వాడని కత్తికి తుప్పు పట్టినట్టే ఇదీ అయిందని శాస్త్రవేత్తలు అంటారు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం పోవడానికి. కలరా ఉండలు, కర్పూరం, ఫినాయిల్ కూడా దానికి ప్రమాదమే. యూట్యూబ్‌లో సాలీళ్లు పోవాలంటే చల్లమని చెప్పే పుదీనా నూనె, యూకలిప్టస్ నూనె, టీట్రీ నూనె కూడా అంతే. 'నేచురల్' అని రాసి ఉన్నా సరే.

పైగా పిల్లికి ఒళ్లు నాక్కునే అలవాటు. నేల మీద పడిన మందు పాదాలకు అంటుకుంటుంది, పాదాల నుంచి నాలుకకు చేరుతుంది. అదే సాలీడు కాళ్ల కొసల మీద నడుస్తుంది, పొట్ట నేలకు ఆననివ్వదు. అందుకే గోడవారన చల్లిన మందు దానికి పెద్దగా ఎక్కదు. అంటే సాలీడు కోసం చల్లిన మందు పిల్లికే ఎక్కువ తగులుతుందన్నమాట.

సుద్దముక్క సంగతీ అంతే. దాన్ని మనవాళ్లు లక్ష్మణరేఖ అనే పిలుస్తారు. ఇక్కడికి ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో పర్ణశాల ఉంది. అసలు లక్ష్మణరేఖ గీసిన చోటని యాత్రికులు వెళ్లి చూసొస్తారు. ఆ గీత దాటితే ఏమైందో మనకందరికీ తెలుసు. ఫ్రిజ్ కింద గీసిన గీత దాటకూడదని పిల్లికి ఎవరు చెబుతారు? ఆ తెల్లపొడిలోనూ సాధారణంగా ఉండేది పైరిథ్రాయిడే.

ఇదంతా చదివి తెలుసుకున్న విషయం మాత్రమే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. పోయిన వానాకాలం మా వీధిలో ఒకరింట్లో సాలెపురుగులు ఎక్కువయ్యాయని, చేనుకు కొట్టగా మిగిలిన సైపర్‌మెత్రిన్‌ను నీళ్లలో కలిపి గోడలకీ మంచాల కిందా పిచికారీ చేశారు. వాళ్లింట్లో మూడు నెలల పిల్లికూన ఉంది. తడి ఆరకముందే మంచం కింద పడుకుంది. రాత్రికి చొంగ కార్చడం, వణకడం, తర్వాత ఫిట్స్. పదో తరగతి పిల్లాడు దాన్ని తువ్వాలులో చుట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు. కుక్కలకీ పిల్లులకీ ప్రత్యేకంగా వైద్యం చేసే క్లినిక్ అంటే ఖమ్మం వెళ్లాలి, వంద కిలోమీటర్ల పైనే. కారు మాట్లాడుకుని బయల్దేరాం. పాల్వంచ చేరకముందే పోయింది. ఆ అబ్బాయి ఖమ్మం దాకా వెళ్దామనే అన్నాడు.

అందుకే ముందు ఇది రాసిపెట్టుకోండి. పిల్లి మీద మందు పడితే గోరువెచ్చటి నీళ్లతో, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బుతో ఒళ్లంతా కడిగేయాలి. తుడిచి, వెచ్చగా చుట్టి, నాక్కోకుండా పట్టుకోవాలి. అప్పటికే ఫిట్స్ వస్తుంటే స్నానం కోసం ఆగొద్దు, నేరుగా డాక్టరు దగ్గరికే. పాలు పోయడం, నూనె తాగించడం, వాంతి చేయించడం లాంటివి వద్దు. డాక్టరుకు చూపించడానికి మందు సీసా వెంట తీసుకెళ్లండి. దగ్గర్లో పశువుల ఆసుపత్రి ఉంటే ముందు అక్కడికే. గేదెల డాక్టరుగారు పిల్లిని చూడరని మనమే అనుకుంటాం. ఇంకో మాట, కుక్కకు గోమార్ల కోసం మెడ మీద వేసే చుక్కల మందు పిల్లికి ఎప్పుడూ వేయొద్దు. వాటిలో కొన్నింట్లో పెర్మెత్రిన్ గాఢంగా ఉంటుంది. పిల్లులకు పైరిథ్రాయిడ్ విషం ఎక్కిన కేసుల్లో బాగా పేరుపడ్డ కారణం ఇదే.

ఇక సాలీళ్ల దగ్గరికొద్దాం. పేర్లు తెలిస్తే భయం కొంచెం తగ్గుతుందని విన్నాను. నా విషయంలో పావు వంతు తగ్గింది.

బాత్రూమ్ మూల వెంట్రుకల్లాంటి కాళ్లతో వేలాడే సన్న సాలీడు ఉంటుందే, పుల్లతో తాకితే ఒళ్లంతా గిరగిరా ఊపేస్తుంది, అది మనల్నేమీ చేయదు. దోమల్ని తింటుంది. దాని శాస్త్రీయ నామం క్రాసోప్రైజా లియోనీ. డెంగీ దోమల్ని ఇది ఎలా వేటాడుతుందో థాయ్‌లాండ్‌లో పరిశీలించి, 1997లో ఒక పరిశోధన పత్రమే అచ్చేశారు. మలేరియా ఎరిగిన ఏజెన్సీలో ఉంటూ దోమల్ని తినేదాన్ని బూజుకర్రతో కొట్టడం ఏమంత తెలివైన పనో నాకు అర్థం కాదు. కిటికీ గట్టు మీద టపటపా గెంతుతూ, మనవైపు తిరిగి తేరిపార చూసే పొట్టి సాలీడు ఇంకోటి. నిజం చెప్పాలంటే అది ముద్దొస్తుంది. మిర్చికి కూడా అదంటేనే సరదా.

నా అసలు శత్రువు మూడోది. గూడు కట్టదు. అరచేయంత ఉంటుంది. రాత్రి లైటు వేయగానే గోడ మీద అతుక్కుని, మనం కదిలేదాకా కదలదు, కదిలాక ఎటు పోయిందో కనపడదు. ఇంగ్లీషులో హంట్స్‌మన్ అంటారు. ఓడల్లో అరటిగెలల వెంట ప్రయాణం చేసి వేడి దేశాలన్నీ చుట్టేసింది. దాని ఇష్టమైన తిండి బొద్దింకలు. ఆడదాని పొట్ట కింద రూపాయి బిళ్లలా తెల్లగా కనిపించేది గుడ్ల సంచి. అలాంటిది కనిపించినప్పుడు చెప్పుతో కొట్టకండి. సంచి చిరిగితే పిల్లలు గదంతా పాకుతాయి. కరిస్తే మంట, వాపు ఉంటాయి గానీ ప్రాణం మీదికి రాదు. పిల్లి ఒకటి నమిలి మింగినా మామూలుగా ఏమీ కాదు, మూతి కొంచెం వాచొచ్చు. నన్నడిగితే పిల్లి బల్లిని తినకుండా చూసుకోవడమే ముఖ్యం. బల్లుల నుంచి పిల్లి కాలేయానికి సోకే ఒక రకం పురుగు వేడి దేశాల్లో ఉంది.

'మరి సాలెపురుగు పాకితే ఒంటి మీద పొక్కులొస్తాయి కదా' అంటారు. ఆ పొక్కులు నిజమే, దొంగ వేరు. వరిచేల నుంచి లైటు వెలుగుకు ఎగిరొచ్చే పెడీరస్ అనే పురుగు ఒకటుంది. చూడ్డానికి పొడుగాటి చీమలా, ఎరుపూ నలుపూ పట్టీలతో ఉంటుంది. కరవదు, కుట్టదు. మెడ మీద వాలినప్పుడు మనం నలిపేస్తే దాని ఒంట్లోని రసం చర్మానికి అంటుకుని, మర్నాటికి కాలినట్టు పొక్కులు లేస్తాయి. డాక్టర్ల పుస్తకాల్లో కూడా దీనికి 'సాలీడు నాకుడు' అనే పేరు పడిపోయింది. పాపం చేసింది ఒకరు, పేరు మోసేది ఇంకొకరు. ఉఫ్‌మని ఊదేసి, సబ్బుతో కడుక్కుంటే చాలు.

అడవి అంచున కాబట్టి ఒక మినహాయింపు చెప్పాలి. లావుపాటి కాళ్లతో, ఒళ్లంతా నూగుతో కనిపించేవి వేరే కుటుంబం, టరాంటులాలు. చెట్ల తొర్రల్లో ఉండే రకాలు తూర్పు కనుమల్లో ఉన్నాయి. కొన్ని కరిస్తే నొప్పి గట్టిగా ఉంటుంది, కండరాలు పట్టేస్తాయి. అలాంటిది ఇంట్లోకొస్తే పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపేసి, తెలిసినవాళ్లను పిలవడమే. చంపకండి. ఈ కుటుంబంలో ఒకదానికి మన ఊరి పేరే ఉంది, గుత్తి టరాంటులా. నీలిరంగులో మెరిసిపోతుంది. అనంతపురం జిల్లా గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన ఒకే ఒక్క సాలీడును చూసి 1899లో పోకాక్ అనే ఆయన దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత వందేళ్లు ఎవరికీ కనపడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది. ఇప్పుడది అంతరించిపోయే ప్రమాదం అంచున ఉంది. విదేశాల్లో దాన్ని డబ్బు పెట్టి కొనుక్కుని గాజుపెట్టెల్లో పెంచుకుంటారట. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

మరి మందు లేకుండా ఏం చేస్తున్నానంటే, ముందు లైటు మార్చాను. తెల్ల ట్యూబ్‌లైట్ తీసేసి పసుపు బల్బు పెట్టాక ఉసిళ్లు తగ్గాయి. ఉసిళ్లు తగ్గితే మిగతా ఊరేగింపు కూడా తగ్గుతుంది. కిటికీలకు జాలీ, తలుపు కింద సందుకు పాత చీర చుట్ట. అట్టపెట్టెలన్నీ ఇచ్చేశాను. గోదావరి పొంగే రోజుల్లో ఇవేవీ ఆగవు లెండి. ఇక్కడ మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు, 2022 జూలైలో నీళ్లు 71.3 అడుగుల దాకా వచ్చాయి. అంత నీళ్లొస్తే నేల మీది పురుగూ పుట్రా కూడా మనలాగే ఎత్తు వెతుక్కుంటాయి. 2010లో పాకిస్తాన్ సింధ్ ప్రాంతాన్ని వరద ముంచినప్పుడు సాలీళ్లన్నీ చెట్లెక్కేశాయి. చెట్లకు చెట్లే తెల్లటి దోమతెరలు కప్పుకున్నట్టయ్యాయి. ఆ చెట్లున్న చోట దోమలు తక్కువగా ఉన్నాయని అక్కడివాళ్లు చెప్పారట. ఆ ఫొటోలు నేను ఒక్కసారే చూశాను, చాలు.

గోడ మీద హంట్స్‌మన్ కనిపిస్తే మొదట మిర్చిని వంటింట్లో పెట్టి తలుపేస్తాను. అది ఉంటే పని జరగదు, టీవీ కూడా కింద పడుతుంది. తర్వాత వెడల్పు మూతి ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా, ఒక పెళ్లి శుభలేఖ. డబ్బా మెల్లగా బోర్లించి, శుభలేఖను గోడకీ డబ్బాకీ మధ్య జరపాలి. మామూలు కాగితం వంగిపోతుంది, శుభలేఖ అట్ట గట్టిగా ఉంటుంది. మా పిన్ని కూతురి పెళ్లి కార్డు ఇప్పటికి పదకొండు సాలీళ్లను వెనక గోడ దాటించింది.

డబ్బా పట్టుకునే ధైర్యం ఒక్క రోజులో రాలేదు. స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరన్ ఓస్ట్ 1989లో ఒక పద్ధతి రాశాడు. భయపడే వస్తువుకు మెట్టు మెట్టుగా దగ్గరవ్వడం, ప్రతి మెట్టు మీదా గుండెదడ తగ్గేదాకా ఆగడం. నిపుణుడు పక్కనుంటే మూడు గంటల్లోపే అయిపోతుందట. నా పక్కనున్న నిపుణురాలు మిర్చి. నాకు నాలుగు నెలలు పట్టింది. ఫోన్‌లో బొమ్మ, తర్వాత వీడియో, తర్వాత గుమ్మం దగ్గర నుంచి చూడటం, తర్వాత వేరేవాళ్లు పట్టిన డబ్బాను బయటి నుంచి ముట్టుకోవడం. మీకు నిద్ర పట్టనంత భయం ఉంటే మాత్రం సొంత ప్రయోగాలు వద్దు, సైకాలజిస్టును కలవండి.

ఓనరమ్మతో కూడా ఒక ఒప్పందం కుదిరింది. శ్రీకాళహస్తి పేరులో శ్రీ అంటే సాలీడేనని, పాము, ఏనుగుతో పాటు దానికీ శివుడు మోక్షమిచ్చాడని గుర్తు చేస్తే ఆవిడ కాసేపు ఆలోచించింది. "సరేలే, బాత్రూమ్ మూలది ఉండనీ. హాల్లో బూజు కనపడితే మాత్రం ఊరుకోను" అంది. కలరా ఉండలు వెనక్కి తీసుకుంది. స్ప్రే డబ్బా ఇప్పుడు ఆవిడ బీరువాలో, తాళం వేసి ఉంది.