కొండదారిని చుట్టపుచూపు

వేసవి సెలవులు రాగానే మన యిండ్లలో ప్రయాణపు మాట పుట్టును. తిరుపతికో కాశికో పోవుదమందురే కాని, కొండల కావలనున్న ఆడపడుచును చూచి వత్తమనువా రరుదు. ఈ యేడు మా యింటివారికి బడి సెలవులిచ్చిన పిదప మేము గరివిడి నుండి జయపురమునకు కారుమీద పోయి వచ్చితిమి. ఆ సంగతులు కొన్ని విన్నవించెదము.

మా ప్రాంతమువారికి జయపురముతో వియ్యములు నేటివి కావు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువరకు ఆ సంస్థానము విశాఖపట్టణము జిల్లాలోనిదే. అచటి ప్రభువులైన శ్రీ విక్రమదేవవర్మగారు (1869–1951) తెలుగునను ఒడియాలోను కవిత్వము చెప్పినవారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు భూరి విరాళము లొసగినవారు. పూర్వము పిల్లను అచటి కిచ్చుట యనిన జిల్లాలోని సంబంధమే. సరిహద్దు పిమ్మట వచ్చినది.

విజయనగరము, గజపతినగరము, రామభద్రపురము మీదుగా సాలూరు వరకు దారి సుగమము. లారీలకు పేరుపడిన ఆ యూరు దాటి, పి. కోనవలస కడ ఘాటీ మొదలగును. మలుపు వెంట మలుపు. ఎదురుగా బరువులారీలు దిగుచుండును. కావున తెల్లవారుజామున బయలుదేరి, పగటి వెలుగున ఘాటీ దాటుట మేలు. పిల్లలకు కడుపునిండ పెట్టి కారెక్కింపరాదు, రెండిడ్డెనలు చాలును. ఎండు ఉసిరికాయ, శొంఠి కలిపిన బెల్లపుటుండలు చేతనుంచుకొనిన వాంతుల బాధ కొంత తగ్గును. వేసవియే కదా యని దుప్పటి మరువకుడు.

సుంకి చేరునప్పటికి దారిప్రక్క పలకలమీద ఒడియా యక్షరములు, ఒంటికి చల్లగాలి. పొట్టంగి ప్రాంతముననే దేవమాలి శిఖరమున్నది. 1672 మీటర్ల యెత్తు, ఒడిశాలో దానిని మించినది లేదు. సెమిలిగూడ, సునాబెడ, కొరాపుట్టు గడచి, మరల కొండ దిగినచో జయపురము.

అచట మా మేనత్తగారికి ఎనుబదియేండ్లు దాటినవి. మమ్ము చూడగానే, “కొండెక్కుటకు మీకు భయము, దిగుటకు నాకు మోకాళ్లు లేవు. ఇక మనము చూచుకొనుట యెట్లే అమ్మాయీ?” అనిరి. మా కుత్తరము తోచలేదు.

ఆమె మనుమలు ఇంట తెలుగు చక్కగా మాటలాడుదురు. బడిలో చదువునది ఒడియా. పెట్టెలోని పుట్టింటి యుత్తరములను చదువగలిగినది ఆ యింట అత్తగా రొక్కరే, ఇప్పుడామెకు చూపానదు. మనుమరాలు ఒక పాత కార్డు తెచ్చి మాచేత చదివించినది. అది మా నాయనమ్మ వ్రాసినది: ఆవు ఈనినది, ఈ యేడు మామిడి కాచలేదు, నీ వెప్పుడు వత్తువు? — ఇంతే. అత్తగారు కొంగుతో కన్నులద్దుకొనిరి. పిల్ల, “అత్తా, నాకీ యక్షరములు నేర్పుదువా?” అని యడిగినది. ఉన్న నాలుగు దినములలో అచ్చులు ముగించి హల్లులలో ప్రవేశించినది.

తిరిగి వచ్చునపుడు అత్తగారు కొరాపుట్టు కాలాజీర బియ్యము మూటగట్టి యిచ్చిరి. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన సువాసన బియ్యమది. పరమాన్నమునకు మిక్కిలి బాగుండును.

టెలిఫోనులో గొంతు వినవచ్చును. పిల్లకు చేయిపట్టి అక్షరము దిద్దించుటకు మనిషి పోవలెను. మీ యింటి ఆడపడుచు లెవరైన కొండల కావల నున్నయెడల, పెద్దలు జీవించియుండగనే, వానలు పడకముందే, పోయి చూచి రండు. పసుపుకుంకుమలతోపాటు ఒక పెద్దబాలశిక్ష కూడ తీసికొనిపొండు.