ఒకే రౌటరు - మూడు నెట్‌వర్కులు

నేడు మన సంఘములలో ఇంటర్నెట్టు లేని కార్యాలయము అరుదు. పెక్కుచోట్ల కార్యదర్శి ఇంటి ముందుగదియే కార్యాలయము. ఇంటికొరకు కొన్న రౌటరే సంఘమునకు గూడ ఆధారము. జమాఖర్చుల కంప్యూటరు, దుకాణపు కెమెరాలు, ఇంటిపిల్లల ఫోనులు, చీరలు చూడవచ్చిన వర్తకుని ఫోను - అన్నియు ఒకే నెట్‌వర్కులో నుండుట చూచుచున్నాము. ఇది తగదని మా అభిప్రాయము.

ఆ కంప్యూటరులో సభ్యుల ఆధారు నంబర్లు, బ్యాంకు ఖాతాలు, మజూరీ పట్టీలు ఉన్నవి. ఒకే నెట్‌వర్కులోని సాధనములు ఒకదాని తలుపు నొకటి తట్టగలవు. 2016లో మిరాయి అను దుష్ట ప్రోగ్రాము, కొన్ననాటి పాస్‌వర్డు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల కొలది వశపరచుకొన్నది. మన గోడమీది కెమెరా అట్టిదైనచో, దాని ప్రక్కనే సభ్యుల ఖాతాలుంచుట క్షేమమా?

విరుగుడు కష్టము కాదు. కార్యాలయమునకు 192.168.10, కెమెరాలకు 192.168.20, అతిథులకు 192.168.30 అని మూడు వరుసలు ఏర్పరచవచ్చును. ఒక్కొక్క వరుసలో 254 చిరునామాలకు చోటున్నది. మూడింటిని ఒకే తీగపై నడుపుటకు వీలాన్ గుర్తులున్నవి. ఈ సదుపాయములు అన్ని రౌటర్లలోను ఉండవు. కొనునప్పుడే అడిగి తెలిసికొనవలెను. అయితే వేరుచేసినంతనే చాలదు. తనకు తెలిసిన నెట్‌వర్కుల మధ్య దారి చూపుట రౌటరు స్వభావము. కెమెరాలనుండి, అతిథులనుండి కార్యాలయమునకు పోరాదని ఫైర్‌వాల్‌లో స్పష్టముగ వ్రాయవలెను.

ఇక రెండు లైనులున్నవారి సంగతి. రౌటరు సాధారణముగ సమాచారము ఎక్కడికి పోవునో చూచి దారి నిర్ణయించును. పాలసీ రౌటింగులో ఎవరు పంపిరో గూడ చూచును. మజూరీ చెల్లించు దినమున కెమెరాల దృశ్యములు లైను నంతయు ఆక్రమింపగా మేము చాల అవస్థపడితిమి. పిదప కెమెరాలను సిమ్ లైనుకు, కార్యాలయమును ఫైబరు లైనుకు మళ్ళించితిమి. మరునాడే ప్రింటరు పనిచేయలేదు! దానిని వేరొక నెట్‌వర్కులో నుంచితిమి. మేము వ్రాసిన నియమము ప్రింటరుకు పోవలసిన కాగితమును గూడ వెలుపలి లైనుకే పంపినది. లోపలి చిరునామాలు లోపలనే ఉండవలెనను నియమమును పైన చేర్చగా సరిపడినది. నియమములను రౌటరు పైనుండి క్రిందికి వరుసగా చూచును. కనుక వరుస ముఖ్యము.

ఒక లైను చెడినపుడు దాని బరువు రెండవదానిపై పడవలెనా, వలదా అనునది ముందే నిర్ణయించుకొనవలెను. కార్యాలయమునకు పడనిండు, కెమెరాలకు వలదందుము. నిర్ణయించిన పిదప తీగ ఊడదీసి పరీక్షింపవలెను.

"ఇదంతయు మెకానిక్కు పని, మనకేల?" అనువారున్నారు. పని అతడే చేయుగాక. కాని అతడు ఊరు విడిచిననాడు పాస్‌వర్డు ఎవరికిని తెలియక మేము రౌటరును మొదటినుండి అమర్చవలసివచ్చినది. ఏ నెట్‌వర్కు ఎవరిది, ఏ లైను దేనికి అను పట్టిక యొకటి, పాస్‌వర్డు గల మూసిన కవరు ఒకటి సంఘపు బీరువాలో ఉండితీరవలెను. దీనిని కార్యవర్గము తీర్మానించవలెనని మా కోరిక.

పోగులు చిక్కుపడిన పిదప విడదీయుటకంటె ముందే వేరుగ నుంచుట మేలని నేతవానికి ఒకరు చెప్పవలెనా?