పడిపోయినవాడి సాక్ష్యం

అమీర్‌పేట వీధుల్లో ఉదయం పూట ఎటు చూసినా వీపున బ్యాగు, చేతిలో నోట్సు పట్టుకున్న పిల్లలే కనిపిస్తారు. ఆ మధ్య పంజాగుట్టలో నాతోపాటు మెట్రో ఎక్కిన ఇద్దరు కుర్రాళ్లూ అలాంటివారే. సెల్‌ఫోనులో ఏదో వీడియో చూస్తున్నారు. నేనూ తొంగిచూశాను. నిటారుగా దిగి వస్తున్న రాకెట్టు సముద్రంలోని ఓడ మీద కాళ్లు మోపింది, మెల్లగా ఒరిగింది, పేలిపోయింది.

"ఇన్నిసార్లు పేలిస్తే వీళ్లను ఉద్యోగంలో ఎలా ఉంచుతున్నార్రా?" అని నవ్వాడు ఒకడు. రెండోవాడు నవ్వలేదు. "మనమైతే ఇంటికి కూడా వెళ్లలేం" అన్నాడు. ఇంతలో అమీర్‌పేట వచ్చింది, దిగిపోయారు.

ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. దాన్ని బయటపెట్టింది పోటీదారులెవరో కాదు, 2017 సెప్టెంబరులో స్పేస్‌ఎక్స్ సంస్థే తన రాకెట్లు కూలిన దృశ్యాలను ఒకచోట చేర్చి లోకానికి చూపించింది. 2015 జనవరిలో ఫాల్కన్-9 మొదటి దశ ఓడను ఢీకొని ముక్కలైంది. దిశను సరిచేసే రెక్కలను నడిపే హైడ్రాలిక్ ద్రవం చివర్లో అయిపోవడమే కారణం. ఏప్రిల్‌లో ఒక వాల్వు సమయానికి కదలక మళ్లీ పడింది. డిసెంబరులో నేల మీద క్షేమంగా దిగింది. ఇక చాలు, వచ్చేసింది అనుకున్నారు. 2016 జనవరిలో ఒక కాలికి గడియ పడక ఓడ మీద మరొకటి ఒరిగిపోయింది. చివరికి ఏప్రిల్ 8న ఓడ మీద కూడా నిలబడింది.

ఓటమే గెలుపుకు మెట్టు అని కోచింగ్ సెంటర్ల గోడల మీద రాసే మాట నాకు పెద్దగా నచ్చదు. పడినంత మాత్రాన ఎవరికీ ఏమీ రాదు. ద్రవం అయిపోయిందా, వాల్వు బిగిసిందా, గడియ పడలేదా అని ఓపికగా వెదికినవారికే వస్తుంది. మూడుసార్లు పడితే మూడు వేర్వేరు కారణాలు దొరికాయి. ఇంకో సంగతి కూడా గమనించండి. దిగే సమయంలో ఆ ఓడ మీద మనిషన్నవాడు ఉండడు. పడినా ఎవరి ప్రాణమూ పోని చోటును ముందే చూసుకున్నారు.

మన ఇస్రో మరో అడుగు ముందుకు వేసింది. రెక్కలున్న పుష్పక్ వాహనాన్ని కర్ణాటకలోని చిత్రదుర్గ దగ్గర హెలికాప్టర్‌తో నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలారు. 2024 మార్చిలో రన్‌వే వరుసకు 150 మీటర్లు పక్కన, జూన్‌లో ఏకంగా 500 మీటర్లు పక్కన వదిలారు. అదీ కావాలనే. దారి తప్పినది తనంతట తాను దారిలోకి రాగలదా అన్నదే పరీక్ష. రెండుసార్లూ వచ్చింది.

మరి మన పిల్లలకు ఎన్ని మీటర్ల వెసులుబాటు ఇస్తున్నాం? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తర్వాత ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. 99 మార్కులు రావలసిన ఒక అమ్మాయికి సున్నా వేసిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. యంత్రం కూలితే ముందు కారణం వెదుకుతాం. పిల్లవాడు తప్పితే ముందు వాడినే తిడతాం.

సంఘంలో మాత్రం మనం వేరుగా ఉన్నామా? ఆదివారం సాక్ష్యాల సమయం గుర్తు చేసుకోండి. వీసా వచ్చిందని ఒకరు, సీటు వచ్చిందని ఒకరు, ఉద్యోగం దొరికిందని మరొకరు లేచి స్తోత్రాలు చెల్లిస్తారు. మంచిదే. "ఈసారి నాకు రాలేదు, నాకోసం ప్రార్థించండి" అని లేచినవారిని నేను ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టగలను. రానివారు ఆ వారం గుడికే రారు. వచ్చినా వెనక వరుసలో కూర్చుని, ముగింపు ప్రార్థన కాకముందే చెప్పులు వేసుకుంటారు. గేటు దగ్గర ఎవరో ఒకరు "ఏమైంది బాబూ రిజల్టు?" అని అడుగుతారని వారి భయం. ఆ అడిగేవారిలో నేనూ ఒకణ్ణి.

పేతురు తన ప్రభువును ఎరుగనని మూడుసార్లు బొంకిన సంగతి నాలుగు సువార్తల్లోనూ ఉంది. పెద్ద అపొస్తలుడు కదా, పరువు పోతుందని ఒక్కరైనా దాచలేదు. తెల్లవారుజామున సరస్సు ఒడ్డున ప్రభువు అతనికి ముందు భోజనం పెట్టాడు. కోడి కూత సంగతి ఎత్తలేదు. ప్రేమిస్తున్నావా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ పని అప్పగించాడు.

రైల్లో నవ్వని ఆ కుర్రాడు ఏ ఊరివాడో, ఏ పరీక్ష రాశాడో నాకు తెలియదు. "టిఫిన్ చేశావా నాయనా?" అని అడిగే సమయమైతే ఉంది. అడగలేదు.