ట్యాంకులో వంటనూనె పోయకండి

డీజిల్ కారున్నవాళ్లు, ట్రాలీలు నడుపుకునేవాళ్లు ఇది వెంటనే చదవాలి. బజ్జీల బండి దగ్గరో, హోటల్ వెనకాలో చవగ్గా దొరికే మరిగిన నూనెను గుడ్డలో వడగట్టి డీజిల్‌లో కలుపుకోవచ్చని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. బండి స్టార్టు చేసి మరీ చూపిస్తారు. అందులో మోసం లేదు, నిజంగానే స్టార్టవుతుంది. అసలు ప్రమాదం అదే. మొదటి ట్యాంకుకే మొరాయిస్తే ఎవరూ రెండోసారి పోయరు. కొన్నాళ్లు సాఫీగా తిరుగుతుంది కాబట్టే పక్కవాడికి కూడా చెబుతారు. ఈలోగా లోపల జరగాల్సిన నష్టం జరిగిపోతుంటుంది.

ప్యాకెట్ నూనె డీజిల్ కన్నా ఖరీదు కనుక దాని జోలికి ఎవరూ పోరు. ఆశ పెడుతున్నది వాడేసిన నూనే. లీటరు డీజిల్ వందకు చేరువలో ఉన్నప్పుడు ఆ ఆశను తప్పుపట్టలేం. దాని వెంట వచ్చే బిల్లు మాత్రం తెలిసి ఉండాలి.

ఆ వీడియోలవాళ్లు చెప్పే సాక్ష్యాలు రెండు. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజిన్ వేరుశనగ నూనెతో నడిచింది. నిజమే. మన ఆదిలాబాద్ గూడేల్లో కానుగ నూనెతో జనరేటర్లు తిప్పారు. అదీ నిజమే. అయితే ఆ ఇంజిన్లు ఒకచోట నిలబడి, ఒకే వేగంతో, ఒకే బరువు మోస్తూ తిరిగేవి. నాజిల్ మూసుకుపోతే పానా పట్టుకుని విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకునేవాళ్లు. పాత అంబాసిడర్, మొదటి తరం సుమో లాంటి బండ్లు కూడా కొంత ఓర్చుకుంటాయి. ఈ పద్ధతిని పట్టుదలగా నడిపిన జర్మన్లు సైతం నూనెను వేడిచేసి పలచబరిచే ఏర్పాటు పెట్టుకున్నారు, ఆవనూనె జాతికి చెందిన రేప్‌సీడ్ నూనెకు ఇంధనంగా వేరే ప్రమాణమే రాసుకున్నారు. బకెట్, గుడ్డ, గరాటు ఉంటే చాలని వాళ్లెవరూ అనలేదు.

చిక్కంతా చిక్కదనంలో ఉంది. 40 డిగ్రీల దగ్గర కొలిస్తే బంకుల్లో అమ్మే డీజిల్ చిక్కదనం 2 నుంచి 4.5 సెంటీస్టోకుల మధ్య ఉండాలి. పల్లీ నూనె, పొద్దుతిరుగుడు నూనె, పామాయిల్... ఏది తీసుకున్నా 30కి పైమాటే. ఇప్పటి కామన్ రైల్ కార్లలో ఇంధనాన్ని 1,600 బార్లు, అంతకు మించిన ఒత్తిడితో, మిల్లీమీటరులో పదోవంతుకు అటూఇటూగా ఉండే రంధ్రాల్లోంచి చిమ్ముతారు. డీజిల్ అక్కడ పొగమంచులా విడిపోతుంది. నూనె బొట్లుబొట్లుగా పడి, సగం కాలి, మిగతాది నాజిల్ మూతికీ పిస్టన్ రింగుల గాడులకూ మసిగా అంటుకుంటుంది. రింగులు బిగుసుకుంటాయి, కంప్రెషన్ పడిపోతుంది. ఇంజెక్టర్లు, హైప్రెషర్ పంపు కలిపి మార్చాల్సి వస్తే బిల్లు లక్ష దాటడం వింతేమీ కాదు.

ఇంతవరకైతే డబ్బుతో పోయేది. అసలు దెబ్బ కింద తగులుతుంది. రింగుల సందుల్లోంచి డీజిల్ కూడా కొంచెం ఇంజిన్ ఆయిల్‌లోకి జారుతుంది, కాని వేడికి అందులో చాలా భాగం ఆవిరైపోతుంది. వంటనూనె అలా పోదు. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే సంపులోనే ఉండిపోయి వేడికీ గాలికీ ముదురుతుంది. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ రెక్కల మీద సబ్బుకు లొంగని గోధుమరంగు బంక పేరుకుంటుంది చూశారా, అదే ఇది. మన ఇళ్లలో బాగా వాడే పొద్దుతిరుగుడు నూనెకు ఈ గుణం పామాయిల్ కన్నా ఎక్కువ. పామాయిల్‌ది ఇంకో గోల, చలికాలంలో ఫిల్టర్లోనే గడ్డకడుతుంది. సంపులో బంక కట్టాక ఆయిల్ పంపు జాలీ మూసుకుపోతుంది, బేరింగులకు ఆయిల్ అందదు, ఇంజిన్ పట్టేస్తుంది. హైవే మీద వేగంగా పోతుండగా, వెనక లారీ ఉండగా అది జరిగితే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కార్లలో ఇది మరీ తొందరగా జరుగుతుంది. సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది నిండినప్పుడు మసిని కాల్చడానికి చాలా కార్లు సిలిండర్లోకి కొంత ఇంధనాన్ని ఆలస్యంగా చిమ్ముతాయి. డీజిల్ ఆవిరై అటు పోతుంది. నూనె గోడల వెంట కారి నేరుగా సంపులోకి దిగుతుంది. పైగా వాడేసిన నూనెలో నీళ్లుంటాయి, ఉప్పుంటుంది, లోహాన్ని తినే ఆమ్లాలుంటాయి. గుడ్డ పిండిని ఆపుతుందేమో కానీ వీటిని ఆపలేదు.

'అయితే ఇంట్లోనే బయోడీజిల్ చేసుకుంటాం' అనేవాళ్లకు ఇంకా గట్టిగా చెప్పాలి: ఆ పని చేయకండి. దానికి మిథనాల్, కాస్టిక్ సోడా కావాలి. మిథనాల్ ఆవిరి 11, 12 డిగ్రీల దగ్గరే నిప్పందుకుంటుంది, మన ఊళ్లలో ఏ గదైనా అంతకన్నా వేడిగానే ఉంటుంది. పగటి వెలుతురులో దాని మంట కంటికి సరిగా ఆనదు. కల్తీసారా చావుల్లో వినిపించే పేరు దానిదే. కొద్దిగా కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకుతుంది. కాస్టిక్ సోడా కంట్లో పడితే సంగతి సరేసరి. పిల్లలు తిరిగే పెరట్లో, అపార్టుమెంటు సెల్లార్లో చేయాల్సిన వంట కాదిది.

కాకినాడలాంటి చోట ఫ్యాక్టరీలో తయారయ్యే బయోడీజిల్ సంగతి వేరు. అక్కడ నూనెలోంచి గ్లిజరిన్‌ను విడదీస్తారు, దాంతో చిక్కదనం డీజిల్ దరిదాపులకు దిగుతుంది. దానికి ఐఎస్ 15607 అనే ప్రమాణం ఉంది. వాడేసిన నూనె చేరాల్సింది ఆ ఫ్యాక్టరీకే. ఇక్కడ ప్రభుత్వాన్ని కూడా అడగాలి. వేపుళ్లకు రోజుకు 50 లీటర్లు దాటి నూనె వాడే హోటళ్లు లెక్క రాసి, గుర్తింపు ఉన్న సంస్థలకే పాత నూనె ఇవ్వాలని ఆహార భద్రత సంస్థ 2019 మార్చి నుంచి నిబంధన పెట్టింది. సందు చివర బజ్జీల బండి ఆ లెక్కలోకి రాదు. ఆ నూనె మళ్లీ మూకుడులోకో, మురుగు కాలువలోకో, ఇప్పుడు డీజిల్ ట్యాంకులోకో పోతోంది. చిన్న బండ్ల దగ్గర కూడా డబ్బిచ్చి నూనె సేకరించే ఏర్పాటు మునిసిపాలిటీలు ఎప్పుడో చేయాల్సింది.

నూనె కోసమే రెండో ట్యాంకు, దాన్ని వేడిచేసే హీటరు బిగిస్తామనే గ్యారేజీలకు లొంగకండి. అనుమతి లేకుండా బండిని అలా మారిస్తే మోటారు వాహనాల చట్టంతో చిక్కు. కంపెనీ చెప్పని ఇంధనం వాడితే వారంటీ కూడా దక్కదు.

ఇప్పటికే పోసేశారా? బండి ఇంకా కదలకపోతే కీ కూడా తిప్పకండి. చాలా కార్లలో కీ తిప్పగానే ట్యాంకులోని పంపు పనిచేయడం మొదలవుతుంది. తోయించుకెళ్లి ట్యాంకు ఖాళీ చేయించండి, డీజిల్ ఫిల్టర్ మార్పించండి. కొన్నాళ్లుగా నడుపుతుంటే ఈరోజే ఆపి, ఇంజిన్ ఆయిల్ కొలపుల్ల తీసి చూడండి. మట్టం పెరిగి ఉన్నా, ఆయిల్ వేళ్లకు బంకలా సాగుతున్నా బండిని అక్కడే ఉంచి మెకానిక్‌ను పిలవండి. ఏం పోశారో సిగ్గుపడకుండా చెప్పండి. ఒక్క ఆయిల్ మార్చి ఊరుకుంటానంటే ఒప్పుకోకండి, సంపు విప్పి జాలీ కడిగించాకే స్టార్టు చేయండి.