సంతకం లేని సమ్మతి

హోండురాస్ నుంచి ఒంటరిగా అమెరికా చేరిన ఒక కుర్రాడు ప్రభుత్వ వసతి గృహంలో కౌన్సిలర్ ముందు మనసు విప్పాడు. ముఠాలు తనచేత ఏమేం చేయించాయో చెప్పుకున్నాడు. మాట గది దాటదన్న భరోసాతోనే చెప్పాడు. ఆ నోట్సు వలస అధికారులకు చేరి, కోర్టులో అతనికే ఎదురు తిరిగింది. 2020లో వాషింగ్టన్ పోస్ట్ ఈ సంగతి బయటపెట్టింది. అది పరిశోధన కాదు, నిజమే. కానీ వలస పిల్లల మీద అధ్యయనం చేసేవారు ఎవరైనా సరే, టేప్ రికార్డర్ నొక్కే ముందు ఆ నోట్సును తలుచుకోవాలి. ఎంత మంచి మనసుతో రాసుకున్నా, రాసింది ఎవరి చేతికి పోతుందో రాసినవారి చేతిలో ఉండదు.

పరిశోధనలో నీతి అనగానే సమ్మతి పత్రం గుర్తొస్తుంది. పద్దెనిమిదేళ్లు నిండకపోతే సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి, పిల్లల ఒప్పుకోలు రెండూ కావాలి. అయితే చట్టబద్ధ వలస పత్రాలు లేని కుటుంబానికి ఆ సంతకమే ముప్పు కావచ్చు. ఫలానావారు ఈ అధ్యయనంలో ఉన్నారని చెప్పే కాగితం అదొక్కటే అయినప్పుడు, గోప్యత పోవడమే అసలు ప్రమాదమైనప్పుడు, సంతకం లేకుండానే సమ్మతి తీసుకోవచ్చని అమెరికా నిబంధనలే చెబుతున్నాయి. ఇక ఒప్పుకోలు మాట. తల్లి టీ ఇచ్చి పక్కనే కూర్చున్న గదిలో పదహారేళ్ల అమ్మాయి ‘సరే’ అంటే అది ఎవరి సరే? తల్లి లేదా తండ్రి ఉద్యోగ వీసాపై ఆధారపడే హెచ్-4 వీసా మీద పెరిగి, 21 ఏళ్లు నిండగానే ఆ హోదా పోగొట్టుకునే పిల్లలు మన తెలుగు ఇళ్లలోనూ ఉన్నారు. నిద్ర పట్టడం లేదని అమ్మానాన్నల ఎదుట వాళ్లు చెప్పగలరా? పేరు మార్చి అచ్చేసినా, తండ్రి కంపెనీ, సొంత ఊరు, బడి పేరు కలిస్తే వాట్సాప్ గ్రూపులో పది నిమిషాల్లో పోల్చేస్తారు.

అడగకపోతే వీళ్ల కష్టం లోకానికి తెలిసేదెలా అన్న ప్రశ్న బలమైనదే. సామాజిక శాస్త్రవేత్త రాబర్టో గొంజాలెస్ లాస్ ఏంజెలెస్‌లో వలస పత్రాలు లేని 150 మంది యువతీయువకులను పన్నెండేళ్లు గమనించి 2015లో పుస్తకం తెచ్చాడు కనుకనే, బడిలో అందరితో సమానంగా పెరిగినవారికి పెద్దయ్యాక దారులన్నీ ఎలా మూసుకుపోతాయో అర్థమైంది. అలాంటి పని ఆగకూడదు. కానీ చదువులో వెనుకబాటు గురించి తెలుసుకోవాలంటే పిల్లవాడు సరిహద్దు ఎలా దాటాడో ఎందుకు? అవసరం లేని ప్రశ్నను ముందే కొట్టేయడం పరిశోధకుడి మొదటి బాధ్యత అని నా గట్టి నమ్మకం. పరిశోధనలకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే గోప్యతా సర్టిఫికెట్ ఉందిగా అంటారు. కోర్టు సమన్ల నుంచి అది కాపాడుతుంది, పోయిన ల్యాప్‌టాప్ నుంచి కాదు. పైగా ప్రభుత్వాలు మారతాయి. చిన్నతనంలోనే వచ్చిన, పత్రాలు లేని యువతను దేశం నుంచి పంపేయకుండా ఆపే డాకా పథకాన్ని 2012లో నమ్మి, ఆ యువత అడ్రసులు, వేలిముద్రలు ఇచ్చింది. 2017లో అదే పథకాన్ని రద్దు చేయబోయారు, 2020లో సుప్రీంకోర్టు అడ్డుపడింది. ఆ మూడేళ్లూ వాళ్ల అడ్రసులు ఫైళ్లలోనే ఉన్నాయి.

కాబట్టి ఎథిక్స్ కమిటీలు సమ్మతి పత్రంతో పాటు మరో జాబితా అడగాలి: ఏ ప్రశ్నలు వదిలేశారు, ఆడియో ఎప్పుడు చెరిపేస్తారు, దుబాసీ ఆ పిల్లల ఊరివాడా, బంధువా? మధ్యలో లేచి వెళ్లిపోవచ్చని పిల్లలకు వాళ్ల భాషలోనే చెప్పాలి. వెళ్లిపోతానన్నవారి రికార్డింగ్‌ను వాళ్ల కళ్లముందే చెరిపేయాలి.