పిల్లిపిల్లను దెచ్చుటకు ముందు

మొయినాబాదు నుండి యొక సోదరి వ్రాసిన లేఖ యీ మాసము మా చేతికి వచ్చినది. వారి పిల్లలు ప్రక్కతోటలో గడ్డివామి చెంత నొంటరిగా నరచుచున్న పిల్లిపిల్లను జూచి, తల్లి విడిచిపోయినదని తలంచి యింటికి దెచ్చిరట. అప్పుడప్పుడే కన్నులు తెఱచిన పసికూన. ఆవుపాలు కాచి, దూదితో నోటిలో పిండిరి. విరేచనములు పట్టుకొని మూడవనాటి రాత్రి చనిపోయినది. పిల్లలు రెండు దినములు సరిగా నన్నము తినలేదట. ఇప్పుడు మరియొకదానిని దెమ్మని పట్టుబట్టుచున్నారు. తేవచ్చునా, తెచ్చుటకు ముందేమి యాలోచింపవలెనని యామె యడిగిరి.

ఈ తప్పు మేమును జేసినవారమే. చిన్ననాట మా యింటను నిట్లే యొక కూన చనిపోయినది. కావున నిది యా సోదరిని నొప్పించుటకు వ్రాయుచున్నది కాదు.

పిల్లి తన పిల్లలను ఏడిండ్లు త్రిప్పునను సామెతను మనమందఱము విన్నదే గాని, పనిపడినప్పుడు దాని యర్థమును మఱతుము. తల్లిపిల్లి యొకచోట నిలువదు. అలికిడి యైనను, వాన తడి తగిలినను, కుక్క తిరుగాడినను, పిల్లలను మెడపట్టి యొక్కొక్కదానినే క్రొత్తచోటికి మోసికొనిపోవును. ఒకదానిని దింపి వచ్చులోపల మిగిలినది యొంటరిగా నుండి యరచును. వైష్ణవాచార్యులు శరణాగతిని బోధించుటకు మార్జాలకిశోర న్యాయమును జెప్పిరి గదా. పిల్ల ఊరకుండును, మోయునది తల్లియే. నడుమ మనము పోయి యెత్తుకొనివచ్చినచో ఆ తల్లి తిరిగివచ్చి వెదకుకొనును. అందుచేత నొంటరి పిల్ల కనబడినప్పుడు దూరముగా తొలగి కొన్ని గంటలు కనిపెట్టవలెను. మనుష్యులు నిలిచియున్నంతసేపు తల్లి దగ్గఱకు రాదు.

తల్లి చనిపోయినదని నిశ్చయముగా దెలిసినచో మాత్రము చేతికి దీసికొనవలసినదే. అప్పుడును మొదట వెచ్చదనము, తరువాతనే యాహారము. చల్లబడిన కూనకు పాలఱుగవు. పిల్లిపిల్లల కొఱకే చేసిన పాలపొడి జంతువుల యాహారము నమ్ము దుకాణములలో దొరకును. బోర్ల నుంచి పట్టవలెను. మన శిశువులవలె వెల్లకిల బరుండబెట్టి పట్టినచో పాలు ఊపిరితిత్తులలోనికి బోవును.

తల్లి యున్న పిల్లను ఎనిమిది వారములు నిండనిదే వేఱుచేయరాదు. నాలుగవ వారమునుండి మెల్లగా తిండి మరగును, నిజమే. కాని తోబుట్టువులతో పెనగులాడుచు ఎంత గట్టిగా కఱవవచ్చునో, గోరెప్పుడు ముడుచుకొనవలెనో నేర్చుకొనునది యీ కాలముననే. తొందరపడి తెచ్చిన పిల్ల తరువాత మన బిడ్డల చేతులు గీరినచో తప్పు దానిది కాదు.

పాల మాట వచ్చినది. తెనాలి రామకృష్ణుని పిల్లి పాలను జూచి పారిపోయిన కథ చెప్పుకొని నవ్వుదుము. అది వేడిపాలకు నోరు కాలి పారిపోయినది గాని, పెరిగిన పిల్లులనేకములకు పాలు నిజముగనే సరిపడవు. తల్లిపాలు మానిన వెనుక పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి తగ్గిపోవును. వానికి కావలసినది మంచినీరు, మాంసము. ఇచ్చట మా మాట కొందఱకు రుచింపదు. పెరుగన్నముతోనే పిల్లిని పెంచుదుమను గృహములు మనలో చాల గలవు. టారిన్ అను పదార్థము మాంసమునందును చేపలయందును ఉండును. పిల్లి దేహము దానిని చాలినంత చేసికొనలేదు. అది కొఱవడినచో కంటిలోని పొర క్షీణించుటను 1975లోను, గుండె బలహీనపడుటను 1987లోను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. ఎలుకలను పట్టితిను పిల్లి యీ లోటు తీర్చుకొనును. గదిలో మూసి పెంచునది తీర్చుకొనలేదు. కాబట్టి మాంసమును గాని, దుకాణపు పిల్లియాహారమును గాని గడప దాటనీయని యింటివారు పిల్లిని తేకుండుటయే మేలు. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరన్నము దానికి విషము. జ్వరమునకు మనము మ్రింగు పారాసెటమాల్ బిళ్ళ యొక్కటి దాని ప్రాణము దీయగలదు.

పిల్లి 12 మొదలు 15 ఏండ్లు బ్రతుకును. నేడు దానికై యేడ్చు ఎనిమిదేండ్ల బాలిక అప్పటికి చదువునకో అత్తవారింటికో వెడలియుండును. తెచ్చువారు పిల్లలు, ముద్దాడువారు మగవారు, ఇసుకతొట్టి యెత్తునది మాత్రము మీరే. ఈ సంగతి ముందే యింట తేల్చుకొనుడు. గర్భవతియైన స్త్రీకి ఆ పని పెట్టనేరాదు. టాక్సోప్లాస్మా యను సూక్ష్మజీవి పిల్లి మలమున వెలువడి, ఒకటి మొదలైదు దినములలో అంటుకొను శక్తిని పొందును. ఏ దినమున కా దినము ఇంకొకరు తొట్టిని శుభ్రపఱచినచో భయము చాలవఱకు తొలగును. అంతేగాని, కోడలు నీళ్లు పోసికొన్నదని పిల్లిని గోనెలో గట్టి ఊరవతల విడుచుట అవివేకము. ఆ వ్యాధి సరిగా నుడుకని మాంసమువలనను, కడుగని కూరలవలనను గూడ వచ్చును.

విడిచివచ్చుట యనగా మొయినాబాదు వైపు వారికి మేము చెప్పనక్కఱలేదు. ఆ ప్రాంతపు తోటబంగళాలకు నగరమునుండి ఆదివారము వచ్చి సోమవారము పోవువారిలో కొందఱు, సెలవుల ముద్దు తీరినపిదప పిల్లను తోటలోనే విడిచిపోవుదురు. తోటలో ఎలుకలున్నవి, బ్రతుకునని వారి సమాధానము. పెంచిన జంతువును ఆకలిదప్పులపాలు చేసి విడుచుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమును బట్టి నేరము. ఒకవేళ బ్రతికినదా, అయిదారు నెలలకే చూలు దాల్చును. తొమ్మిది వారములకు పిల్లలను బెట్టును. చేరువనే చిలుకూరు మృగవని యున్నది. 1994లో దానిని జాతీయవనముగా జేసిరి. ఇట్లు పెరిగిన పిల్లులకు అచ్చటి పక్షులేమి, ఉడుతలేమి, అన్నియు నాహారమే.

కావున ఆడుపిల్లిని దెచ్చినవారు గర్భము రాకుండ శస్త్రచికిత్స చేయింపక తప్పదు. టీకాలు ఎనిమిదవ వారమున మొదటిసారి, మూడు నాలుగు వారములకు మఱల. మూడు నెలలు నిండినపిదప రేబిస్ టీకా. రాజేంద్రనగరులో పశువైద్య కళాశాలయే యున్నది గనుక మొయినాబాదువారికి వైద్యము దూరము కాదు. పిల్లి కఱచినచో, గీరినచో సబ్బుతో 15 నిమిషములు పాఱునీట కడిగి, వెంటనే ఆసుపత్రికి బోవలెను. పసుపు అద్ది యూరకుండరాదు.

ఇక నా సోదరికి. గడ్డివామి వెనుక ఆ తల్లి, మిగిలిన రెండు పిల్లలతో నింకను గలదని లేఖ చివర వ్రాసియున్నారు. ఆ తల్లికి ప్రతిదినము కొంత యాహారము, నీరు దూరముగా పెట్టింపుడు. గోడమీది క్యాలెండరులో ఎనిమిది వారములు ఎన్నడు నిండునో మీ పిల్లలచేతనే గుఱుతు పెట్టింపుడు. ఆ దినము వఱకు వారి కోరిక నిలిచియున్నచో తోటవారి నడిగి ఒకదానిని దెచ్చుకొనవచ్చును. రెండును దెచ్చుకొన్న నింకను మంచిది, ఒకదాని కొకటి తోడుండును.