గోడ అవతలి కోతులు

ఇంకొక్క రోజు ఆగితే టమాటాలు బాగా పండుతాయని అమ్మ అంది. మేం చేసిన తప్పు అదే. మర్నాడు పొద్దున ఆరున్నరకు డాబా ఎక్కేసరికి కుండీలు బోర్లా పడి ఉన్నాయి. చిక్కుడు పాదు పందిరితో సహా కిందికి వచ్చింది. టమాటాలు తిని పోయినా అంత బాధ ఉండేది కాదు. ఒక్కో కాయనూ ఒక్కో కాటు కొరికి పారేశాయి. నీళ్ల ట్యాంకు మీద కూర్చున్న కోతి చేతిలో ఆఖరి కాయ ఉంది. అమ్మ కర్ర ఎత్తింది. కోతి పళ్లు చూపించి ముందుకు దూకింది. వెనక్కి అడుగేసిన అమ్మ మెట్ల మీద జారిపడింది. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు తియ్యకూడదన్నారు డాక్టరు.

ఫరీదాబాద్‌లో ఉండే తెలుగువాళ్లకు డాబా తోట సరదా కాదు, అవసరం. ఇక్కడి కూరగాయల బజారులో పాలకూర, మెంతికూర కుప్పలుగా ఉంటాయి. గోంగూర కావాలంటే మాత్రం విత్తనాలు ఊరి నుంచి తెచ్చుకుని కుండీలో వేసుకోవాల్సిందే. అమ్మ శీతాకాలం గడపడానికి మా దగ్గరికి వచ్చినప్పుడల్లా బట్టల మధ్య విత్తనాల పొట్లాలు తెస్తుంది. ఖమ్మం జిల్లాలోని మా ఊళ్లో ఆమె పెరటి తోట మానేసి చాలా ఏళ్లయింది. కారణం అక్కడా కోతులే. "అక్కడి కోతులకు భయపడి ఇక్కడికి వస్తే, ఇక్కడివి చెయ్యి విరగ్గొట్టాయి" అని ఇప్పుడు ఫోన్ చేసిన వాళ్లందరికీ చెబుతోంది.

కట్టు వేయించిన మర్నాడు నేను ఆఫీసులకు ఫోన్లు మొదలుపెట్టాను. కోతి అడవి జంతువు కాబట్టి తమకు సంబంధం లేదని ఒకరన్నారు. ఊళ్లో తిరిగే కోతి అడవి జంతువు ఎలా అవుతుందని ఇంకొకరు ఎదురు ప్రశ్న వేశారు. మూడో చోట ఫోన్ ఎత్తినాయన కొంచెం దయగలవాడు. "ఢిల్లీ వాళ్లు తెచ్చి వదిలితే మేమేం చేస్తాం?" అన్నాడు. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చదివేటప్పుడు అధికార పరిధి అనే మాట మీద పేజీలకు పేజీలు రాశాను. అది ఇంత తేలిగ్గా అర్థమైంది మాత్రం ఆ రోజే.

ఆ మూడో మనిషి మాటలో చరిత్ర ఉంది. 2007 అక్టోబర్‌లో ఢిల్లీ డిప్యూటీ మేయర్ ఎస్.ఎస్. బజ్వా తన ఇంటి పైన కోతుల గుంపును తోలబోయి కింద పడి మరణించారు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు నగరంలోని కోతులను పట్టి అసోలా భట్టి అభయారణ్యానికి తరలించమని, అక్కడ వాటికి తిండి పెట్టమని ఆదేశించింది. ఆ తరవాత వేల సంఖ్యలో కోతులు బోనుల్లో అక్కడికి చేరాయి. ఢిల్లీ దక్షిణపు కొసన ఆరావళి కొండల్లో ఉంది ఆ అభయారణ్యం. ఒకప్పుడు ఎర్ర ఇసుక తవ్వి తవ్వి వదిలేసిన గోతుల నేల అది. దాని హద్దు దాటితే హర్యానా, అంటే మా ఫరీదాబాద్. ఢిల్లీ తన సమస్యను తన గడపలోనే ఒక మూలకు తోసింది. ఆ మూల మాత్రం పక్కింటి గోడకు ఆనుకుని ఉంది. సరిహద్దు రాళ్లు మనుషులకు గానీ కోతులకు కాదు కదా.

మా డాబా మీద టమాటా తిన్న కోతి అసోలా నుంచే వచ్చిందని నేను ప్రమాణం చేయలేను. ఆరావళిలో కోతులు ముందు నుంచీ ఉన్నవే. కానీ పట్టి వేరేచోట వదలడం వల్ల ఏమవుతుందో జంతువుల తీరు తెలిసినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒక గుంపును ఎత్తుకుపోతే ఖాళీ అయిన చోటుకు ఇంకో గుంపు వస్తుంది. వదిలిన చోట తిండి చాలకపోతే అక్కడి గుంపు కొత్త వీధి వెతుక్కుంటుంది. మొత్తం మీద కోతులు తగ్గవు, ఫిర్యాదు చేసే వాళ్ల చిరునామా మారుతుంది.

ఈ లోగా తరిమే ప్రయత్నాలు రకరకాలుగా సాగాయి. మొదట కొండముచ్చులను తాళ్లకు కట్టి తిప్పారు. కొండముచ్చు రక్షిత జంతువు కనుక దాన్ని బంధించి పని చేయించకూడదని 2012లో కేంద్ర పర్యావరణ శాఖ స్పష్టం చేసింది. దాంతో మనుషులే కొండముచ్చులయ్యారు. కొండముచ్చులా అరిచి కోతులను బెదరగొట్టడానికి 40 మంది యువకులను న్యూఢిల్లీ పురపాలక మండలి పెట్టుకుందని 2014 జూలైలో అప్పటి పట్టణాభివృద్ధి మంత్రి వెంకయ్యనాయుడు రాజ్యసభకు చెప్పారు. 2023లో జీ20 సమావేశాలకు దేశాధినేతలు వచ్చినప్పుడు ఢిల్లీ వీధుల్లో కొండముచ్చు బొమ్మలు నిలబెట్టారు.

నవ్వుకునే ముందు మన వైపు చూడండి. 2022లో సిద్దిపేట జిల్లా కోహెడలో ఒక రైతు రోజుకు 500 రూపాయలిచ్చి ఒక మనిషికి ఎలుగుబంటి వేషం వేయించి చేలో తిప్పాడు. పంట చేతికి రాకుండా పోతుందన్న భయం ఆ వేషం వేయించింది. రాజధానిలో జీతమిచ్చి చేసిన పనిని అక్కడ రైతు తన జేబులోంచి ఇచ్చుకుని చేశాడు. తేడా అంతే.

చట్టం కూడా ఈ మధ్య పక్కకు తప్పుకుంది. మా వీధుల్లో తిరిగే రీసస్ కోతి చాలాకాలం వన్యప్రాణి రక్షణ చట్టం జాబితాలో ఉండేది. 2022లో చేసిన సవరణతో అది జాబితా నుంచి బయటికొచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. అంటే అడవి శాఖ చేతులు దులుపుకోవడానికి కాగితం దొరికింది. హింసించకుండా కాపాడే 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మాత్రం ఉంది. కోతిని కొడితే ఎవరు అడగాలో రాసి ఉంది. కోతి కరిస్తే ఎవరిని అడగాలో ఇంకా వెతుక్కోవాలి.

తప్పంతా సర్కారుదే అంటే అబద్ధమవుతుంది. మా ఎదురింటి ఆంటీజీ ప్రతి మంగళవారం డజను అరటిపళ్లు గోడ మీద పెడతారు. శనివారం శనగలు. అమ్మ పడిందని తెలియగానే పసుపు పాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది కూడా ఆమే. "ఆంటీజీ, ఆ అరటిపళ్లు..." అని నేను మొదలుపెట్టేలోగా అమ్మ కళ్లతో వారించింది. ఆమె వెళ్లాక అంది: "మన వంటింట్లో ఆంజనేయుడి పటం పెట్టుకుని ఆమెకు ఏం చెబుతావురా?" నాకు జవాబు తోచలేదు. పళ్లెంలో పెట్టిన తిండికి అలవాటుపడిన కోతి చెట్టెక్కి కాయ వెతుక్కోదని, చేతి సంచీ లాక్కుంటుందని నాకు తెలుసు. ఆ మాట భక్తి ముందు చెప్పడానికి గొంతు చాలలేదు.

ఇలాంటి పేచీ మనకొక్కరికే లేదు. అమెరికా, కెనడాల్లో రకూన్ అనే జంతువు ఉంది. కళ్ల చుట్టూ నల్ల పట్టీ, మనిషి వేళ్లలా పనిచేసే ముందు కాళ్లు. పెరట్లో మొక్కజొన్న పాలు పట్టేవేళకు రాత్రికి రాత్రి కండెలు విరిచేస్తుంది. టొరంటో నగరం 2016 నుంచి, రకూన్ తెరవలేని గొళ్లెంతో కొత్త చెత్త డబ్బాలు ఇంటింటికీ ఇచ్చింది. తెలివైన రకూన్లు కొన్ని వాటినీ తెరిచాయి. అయినా అక్కడి పాలకులు జంతువుకు తిండి దొరికే చోటు మీద దృష్టి పెట్టారు. మన వీధి చివర మూత లేని చెత్తకుండీని చూస్తే ఆ తేడా తెలుస్తుంది.

రెండో దారి సంతాన నియంత్రణ. హిమాచల్ ప్రదేశ్ 2006-07లో మొదలుపెట్టి లక్షన్నరకు పైగా కోతులకు ఆపరేషన్లు చేసింది. తెలంగాణలోని నిర్మల్‌లో 2020 డిసెంబర్‌లో అలాంటి కేంద్రం తెరిచారు. ఇది నెమ్మదిగా ఫలితమిచ్చే పని. ఏళ్ల తరబడి, ఒక గుంపులో చాలా వాటికి చేస్తే గానీ సంఖ్య తగ్గదు. ఢిల్లీ చేసి హర్యానా మానేస్తే, ఫరీదాబాద్ చేసి నోయిడా మానేస్తే డబ్బు దండగ. రాజధాని ప్రాంతమంతటికీ కలిపి ఆలోచించడానికి 1985లో చట్టం చేసి ప్రణాళికా మండలి పెట్టుకున్నాం. 2015లో మెట్రో రైలు ఢిల్లీ హద్దు దాటి ఫరీదాబాద్ వచ్చింది. రైలుకు కుదిరిన ఒప్పందం కోతుల ఆపరేషన్లకు, చెత్తకుండీల మూతలకు ఎందుకు కుదరదు?

అంతవరకూ మా డాబా మీద ఇనప వల వేయించాం. లోపల గోంగూర, టమాటా. వల బయట కాకర, మిరప. వాటి జోలికి కోతులు అంతగా రావని పక్క వీధి వాళ్లు చెప్పారు. అమ్మ కట్టు ఇంకా తియ్యలేదు. ఎడమచేత్తో నీళ్లు పోస్తోంది. నిన్న కోతి ఒకటి వల బయట కూర్చుని లోపలికి చూస్తుంటే, అమ్మ లోపల నిలబడి దాన్ని చూస్తోంది. "బోనులో ఎవరున్నార్రా?" అని అడిగింది నన్ను.